గెస్టు స్టారును తీసుకురావడానికి బందరు ప్రయాణం

విజయవాడలో పాడే కౌబాయ్‌ల అభిమాన సంఘం ఒకటి ఉందని చాలామందికి తెలియదు. మా ఇంట్లోవాళ్ళకి తెలుసు గానీ బయట చెప్పరు. అందరం కలిసి ఎక్కడికైనా బయల్దేరితే రెండు ఆటోలు సరిపోతాయి. ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాన్‌కట్టలు అమ్మే పూర్ణచంద్రరావు గారు అధ్యక్షులు. కౌంటర్లో కూర్చున్నా ఆయన నెత్తిమీద కౌబాయ్ టోపీ ఉంటుంది. లారీ డ్రైవర్లు అలవాటుపడ్డారు. కొత్త క్లీనర్లు మాత్రం ఒకసారి బయటికెళ్ళి బోర్డు చూసి మళ్ళీ లోపలికొస్తారు.

మేము చూసేవి అమెరికావాళ్ళు ఎప్పుడో తీసిన నలుపు తెలుపు బొమ్మలు. గంటలో అయిపోతాయి. హీరోకి నడుముకి తుపాకీ, వీపుకి గిటారు ఉంటాయి. దొంగలు బ్యాంకు దోచుకుని పారిపోతుంటే ఆయన దారిలో ఆగి ఒక పాట పాడతాడు. దొంగలు మర్యాదస్తులు, పాట అయ్యేదాకా మరీ దూరం పోరు. టైటిల్స్‌లో హీరోయిన్ పేరు కంటే గుర్రం పేరు పెద్దది. మధ్యలో గెస్టు స్టార్లు వస్తారు. ఆ రోజుల్లో రేడియోలో పాడి పేరు తెచ్చుకున్నవాళ్ళెవరో బ్యాండుమేళంతో అటుగా వెళుతూ పశువుల కొట్టం దగ్గర ఆగుతారు. కథతో సంబంధం లేకుండా పాడి, భోంచేసి వెళ్ళిపోతారు. మా వైపు పెళ్ళిళ్ళకి ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారు కాబట్టి మాకిది వింతగా అనిపించదు.

ఏటా వార్షికోత్సవంలో గెస్టు స్టార్లను సత్కరించడం మా ఆనవాయితీ. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కనక ఫోటోలకే శాలువాలు కప్పుతూ వచ్చాం. ఈ ఏడు పరిస్థితి మారింది. వన్ టౌన్లో ఒక పసుపు వ్యాపారి పాత గోడౌన్ ఖాళీ చేయిస్తుంటే రీళ్ళ డబ్బాలు బయటపడ్డాయి. తెలుగులో కౌబాయ్ సినిమాలు వరసపెట్టి వచ్చిన రోజుల్లో ఆయన తండ్రి కూడా ఉండబట్టలేక రంగుల్లో ఒకటి తీశాడట. పేరు ‘తుపాకీ తాండవయ్య’. ఎడారి కావాలి కాబట్టి ఎండాకాలంలో బ్యారేజీ దిగువన కృష్ణ ఇసకలో తీశారు. బందిపోట్లు కొండచాటు నుంచి దూకే చోట వెనక ఎవరివో చీరలు ఆరేసి ఉంటాయి. ఒక సీనులో ఒకాయన తలమీద నీళ్ళు పోసుకుంటూ కెమెరా వైపు చూసి, సిగ్గుపడి అటు తిరిగి మళ్ళీ పోసుకుంటాడు. అందులోనూ ఒక గెస్టు స్టారు ఉన్నాడు. తెరమీద ‘అతిథి నటులు, బందరు ఏసుపాదం’ అని పడుతుంది.

వాకబు చేస్తే ఆయన బతికే ఉన్నారు! బందరు పక్కన రొయ్యల చెరువుల ఊళ్ళో ఉంటున్నారు. అధ్యక్షులు ఆ సంతోషంలో ముందు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ కట్టించి, తరవాత ఆయనకి ఫోన్ చేశారు. “రావడానికి ఒక షరతుందండీ. ఫోన్లో చెప్పేది కాదు, మనిషిని పంపండి” అన్నారట ఏసుపాదం గారు. సభ ఆదివారం. శనివారం నన్ను పంపారు. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. శనివారం నాకు క్లాసులు లేవు. పైగా వద్దనడం నాకు చేతకాదని సంఘంలో అందరికీ తెలుసు.

ఉదయం ఏడు దాటాక బందరు ప్యాసింజర్ ఎక్కాను. ఏసుపాదం గారికి ఆయన బొమ్మ చూపించి మెప్పించమని చేతిసంచీలో రీళ్ళ నుంచి ఎక్కించిన సినిమా ఉన్న పెన్‌డ్రైవు, గ్రీజు వాసన కొట్టే గోనెసంచీలో ప్రొజెక్టరు, చంకలో గెస్టు స్టారుకి అధ్యక్షులు పంపిన బూట్లు. వాటితో పాటు ఆయనకని పంపిన టోపీ ఏ సంచీలోనూ పట్టలేదు. పెట్టుకోవడం తప్ప మార్గం లేకపోయింది. వెళ్ళదలచినవాళ్ళకి ఒక సూచన: రామవరప్పాడు దాటేలోపు కిటికీ సీటు చూసుకోండి, కుడివైపు ఎండ తక్కువ. టోపీ ఉంటే ఏ వైపైనా ఫర్వాలేదు.

ఎదుటి సీటాయన ఉప్పలూరు దాకా ఓర్చుకున్నాడు.

“ఏ పార్టీ అండీ?”

“పార్టీ కాదండీ, సినిమా.”

“అదే, సినిమావాళ్ళు పెట్టిన పార్టీయేనా?” అన్నాడు.

ఆయన పక్కనున్న పెద్దావిడ జాలిగా చూసింది. “మొక్కుబడై ఉంటదిలే బాబూ. అడక్కూడదు” అని ఆయన్ని మందలించి నాకు సగం జామకాయ ఇచ్చింది. మొక్కు కాదని చెబితే జామకాయ తిరిగి ఇవ్వాల్సి వస్తుందేమోనని చెప్పలేదు.

గుడివాడలో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, ఇడ్లీ గురించి చెప్పడానికేమీ లేదు. గుడ్లవల్లేరు, కవుతరం దాటాక వరిచేలు తగ్గి చెరువులు మొదలయ్యాయి. నీళ్ళలో తిరిగే చక్రాలు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. పది గంటలకి బందరు. స్టేషన్ బయట ఆటో అతను నా టోపీ చూసి బేరం లేకుండానే ఒప్పుకున్నాడు. పిచ్చివాళ్ళతో గొడవెందుకనుకుని ఉంటాడు.

ఏసుపాదం గారిల్లు ఊరికి మొదట్లో, చర్చి గోడని ఆనుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి, వెదురులా నిటారుగా ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, చెవుల దాకా నల్లరంగు వేసిన జుట్టు. ఆయన భార్య కరుణమ్మ గారు మంచినీళ్ళిచ్చి బూట్లవైపు చూశారు.

“ఇయ్యేంటి బాబూ, వానాకాలానికా?”

“సన్మానానికండీ.”

“పొలంలో దిగడానికి పనికొస్తయ్యిలే” అని లోపల పెట్టేశారు.

భోజనాల్లో రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు. ఏసుపాదం గారు మూడో ముద్ద దగ్గర షరతు సంగతి ఎత్తారు. “మాస్టారూ, మీరు నాటకాలు చూశారా?”

చూశానన్నాను. కృష్ణా డెల్టాలో పుట్టి పద్యనాటకం చూడకుండా తప్పించుకోవడం కష్టం. మా నాటకాల్లో ఒక పద్ధతుంది. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. నటుడు మళ్ళీ పాడి తీరాలి. పద్యం పాడుతూ చచ్చిపోయినా సరే, లేచి, పంచె దులుపుకుని, మళ్ళీ అదే పద్యం పాడి మళ్ళీ చావాలి. బయటి ఊరివాళ్ళు నవ్వుతారు గానీ మాకందులో నవ్వాల్సిందేమీ కనిపించదు.

“పదిహేనేళ్ళు స్టేజీ ఎక్కానండీ. లేవకుండా చచ్చింది లేదు. గుడ్లవల్లేరులో ఒకే నాటకంలో మూడుసార్లు చచ్చాను. ఆ పేరు చూసే సినిమాకి పిలిచారు. గెస్టు వేషం. ఇసకలో నిలబడి పాట పాడాలి, చివర బందిపోటు కాలిస్తే చావాలి. నా గొంతే పెట్టారు. బందరులో మొదటాటకి ట్రూపు మొత్తాన్నీ తీసుకెళ్ళాను. నా పాట మొదలైంది. హాల్లో సగం మంది లేచారు.”

“చప్పట్లకా?”

“సోడాలకండీ. పాట వస్తే బయటికెళ్ళొచ్చని తెలుసుకున్నారు. నేను చచ్చేసరికి హాల్లో నా ట్రూపు, ఒక నిద్రపోయేవాడు. మా వాళ్ళయినా అరుస్తారేమోనని చూశాను. హార్మోనిస్టు అరవబోయాడు, నేనే వాడి నోరు మూశాను. మనవాళ్ళ చేత చెప్పించుకుంటే అది వన్స్‌మోర్ అవుతుందా? అలా చచ్చి, లేవకుండా ఇంటికొచ్చింది ఆ ఒక్కసారే. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. అదండీ సంగతి.”

కరుణమ్మ గారు పెరుగు వడ్డిస్తూ, “యాభై ఏళ్ళ నుంచి ఇదే గోల బాబూ. ఇంట్లో పడుకున్నా చచ్చిపోయినట్టే పడుకుంటాడు” అన్నారు.

షరతు ఇదీ. ఇవాళ ఇదే ఊళ్ళో ఆ సినిమా వెయ్యాలి. ఆయన చచ్చినప్పుడు ఎవరైనా, ఒక్కరైనా, తమంతట తాము వన్స్‌మోర్ అంటే విజయవాడ వస్తారు. లేకపోతే రారు. నేను అరవకూడదు. ఎవరికీ చెప్పకూడదు, చెప్పించకూడదు. “రేపు మీ ఊళ్ళో శాలువా కప్పుతారు, చప్పట్లు కొడతారు. పిలిచినవాళ్ళు కొట్టే చప్పట్లు అవి. నేను ఇంకా చచ్చే ఉన్నానో లేదో నాకు తెలియాలి కదండీ.”

వద్దనడం చేతకానివాణ్ణి కదా, చెయ్యి కడుక్కుని ప్రొజెక్టరు బయటికి తీశాను.

పట్టపగలు బొమ్మ వెయ్యాలంటే చీకటి కావాలి. ఊళ్ళో కిటికీల్లేని చోటు రొయ్యల మేత గోడౌన్ ఒక్కటే. ఓనరు ఏసుపాదం గారి మాట కాదనలేక ఒప్పుకున్నాడు గానీ వ్యాపారం ఆపనన్నాడు. రెండున్నరకి జనం వచ్చారు. చెరువుల మీద పనిచేసేవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, రిటైరైన పోస్ట్‌మాన్. అందరూ మేత బస్తాల మీద కూర్చున్నారు. ఆ వాసన గురించి రాయను. వెళ్ళినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది, వెళ్ళనివాళ్ళని బాధపెట్టడం దేనికి?

ఏసుపాదం గారు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, దాన్ని జనం వైపు తిప్పుకుని కూర్చున్నారు. తెర ఆయన వెనక ఉండిపోయింది.

“ఏంటి బాబాయ్, ఇటు తిరిగి కూర్చున్నావ్? బొమ్మ అటుంటే!” అంది నాగమణి. చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి, నలభై దాటి ఉంటాయి, గొంతు మాత్రం రేవు అవతలికి వినిపించేది.

“బొమ్మ నేను చూశానమ్మా. మీరు చూడండి, నేను మిమ్మల్ని చూస్తాను.”

“మమ్మల్నేం చూస్తావ్, రోజూ చూసే మొహాలేగా!”

ప్రొజెక్టరు నేనే నడపాల్సి వచ్చింది. ఇంతకు ముందు నడిపిన అనుభవం లేదు. గోడమీద మొదట అధ్యక్షుల దుకాణంలోని కమాన్‌కట్టల ఫోటోలు వచ్చాయి. జనం వాటిని శ్రద్ధగా చూశారు. తరవాత సినిమా దొరికింది.

మొదటి అరగంట బాగానే నడిచింది. బ్యారేజీ గేట్లు కనిపించినప్పుడు ఈలలు వేశారు. ఆరేసిన చీరల్లో ఒకదాని అంచు బాగుందని ఆడవాళ్ళు మాట్లాడుకున్నారు. అప్పుడు ఏసుపాదం గారు వచ్చారు. కుర్రవాడు, నల్లటి చొక్కా, మెడకి రుమాలు, కళ్ళకి నాటకం కాటుక. గిటారు పట్టుకున్నారు గానీ వాయించలేదు, రాజు గద పట్టుకున్నట్టు భుజాన పెట్టుకున్నారు. పాట మొదలుపెట్టారు. అది కౌబాయ్ పాటలా మొదలై, రెండో చరణంలో పద్యమై, అక్కడి నుంచి రాగంలోకి వెళ్ళి చాలాసేపు తిరిగి రాలేదు. బందిపోటు తుపాకీ గురిపెట్టి నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టి రెండోచేత్తో పట్టుకున్నాడు. నిజం చెబుతున్నాను, గొంతు అద్భుతంగా ఉంది. రేకుల కప్పు కింద, మేత బస్తాల మధ్య, నాకు ఒళ్ళు జలదరించింది.

జనానికి ఏమీ జలదరించలేదు. ఒకాయన ఫోన్ తీసి రొయ్యల రేటు అడిగాడు. ఒక రైతు వచ్చి రెండు బస్తాలు కావాలన్నాడు. ఆ బస్తాల మీద కూర్చున్న పోస్ట్‌మాన్ లేచి ఇంకోచోటికి జరిగాడు. ఏసుపాదం గారు ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నారు. చేతులతో మోకాళ్ళని గట్టిగా పట్టుకున్నారు.

తెరమీద తుపాకీ పేలింది. ఆయన తూలారు, నిలబడ్డారు, ఇంకో పాదం పాడారు, మోకాళ్ళ మీద వాలారు, మళ్ళీ అందుకున్నారు. చివరికి ఇసకలో ఒరిగారు. పాట ఆగింది.

గోడౌన్లో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు. నేను నోరు తెరిచాను. ఏసుపాదం గారు నావైపు ఒక చూపు చూశారు. మూసేశాను. కరుణమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఫ్లెక్సీ గుర్తు రాలేదు, సభ గుర్తు రాలేదు. ఎవడైనా ఒక్కడు అరిస్తే చాలు, ఆ ముసలాయన ఇవాళ ఇంటికి లేచి వెళ్ళగలడనిపించింది.

తెరమీద హీరో గుర్రమెక్కి బందిపోటు వెంటపడ్డాడు. ఏటి పాయ దాటుతుంటే గుర్రం జారి నీళ్ళలో కూలబడింది. దానికి సున్నం పూసి తెల్లగుర్రాన్ని చేశారేమో, నీళ్ళు తగిలి సగం ఎర్రగా బయటపడింది. హీరో తిడుతున్నాడు, గుర్రం లేవనంటోంది. దాని ఎడమ చెవి కొస చిరిగి ఉంది.

నాగమణి బస్తా మీద నుంచి ఎగిరి నిలబడింది. “ఓలమ్మో! అది మా మావ జట్కా గుర్రం! ఆ చెవి చూడండెహె! మా ఇంట్లో ఫోటో ఉంది, అదే చెవి! వన్స్‌మోర్! మాస్టారూ, వన్స్‌మోర్!”

ఆ మాటతో గోడౌన్ లేచింది. చెరువులవాళ్ళు ఈలలు, ఆడవాళ్ళు చప్పట్లు. “వన్స్‌మోర్! వన్స్‌మోర్!” మేత కొనడానికొచ్చిన రైతు బస్తా భుజాన పెట్టుకునే అరుస్తున్నాడు.

ఏసుపాదం గారి మొహం చూశాను. తెర ఆయన వెనక ఉంది. ముందున్న జనమంతా ఆయన వైపే తిరిగి, ఆయన మొహంలోకే అరుస్తున్నట్టుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సమయంలో ‘అది గుర్రానికండీ’ అని చెప్పగలిగేవాడు ఉంటే వాడు మా సంఘంలో సభ్యుడు కాడు.

వెనక్కి తిప్పే బటన్ నొక్కాను. బొమ్మ ఆపి తిప్పే పద్ధతి నాకు తెలియదు, అది నడుస్తూనే వెనక్కి వెళ్ళింది. గుర్రం నీళ్ళలోంచి నిటారుగా లేచింది, ఎరుపు పోయి తెల్లబడింది. హీరో వెనక్కి దౌడు తీశాడు. ఇసకలో చచ్చిపడున్న ఏసుపాదం గారు దేవుడు చెయ్యిచ్చి లేపినట్టు లేచారు. తుపాకీ పొగ తుపాకీలోకి వెళ్ళిపోయింది.

“స్తోత్రం!” అని కేకపెట్టారు కరుణమ్మ గారు. చర్చికొచ్చేవాళ్ళంతా “స్తోత్రం!” అన్నారు. మిగతావాళ్ళు వెనకబడటం దేనికని వాళ్ళూ అన్నారు.

గుర్రం దగ్గర ఆపాలి గానీ పాట మొదటికే వెళ్ళిపోయాను. ఏసుపాదం గారు కుర్చీలోంచి లేచి, పంచె దులుపుకుని, తెరకి అడ్డంగా నిలబడ్డారు. వన్స్‌మోర్ పడితే నటుడు పాడి తీరాలి. తెల్ల లాల్చీ మీద కుర్రవాడి మొహం, దానిమీద ఎనభై ఏళ్ళ మొహం. సినిమాలో గొంతు ఒకటి, బయట గొంతు ఒకటి. బయటిది వణికింది, ఒకచోట అందలేదు, అక్కడ సినిమాలో కుర్రవాడు ఆదుకున్నాడు. ఈసారి ఎవరూ ఫోన్ తియ్యలేదు. గుర్రం కోసం ఎదురుచూస్తూ అందరూ కళ్ళార్పకుండా చూశారు. తుపాకీ పేలగానే ఆయన మెల్లగా, ఒక్కొక్క కీలునీ అడిగి, బస్తాల మీదికి ఒరిగారు. తరవాత గుర్రం పడింది. గోడౌన్ కప్పు ఎగిరిపోయింది.

అయిదున్నరకి బందరు బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఏసుపాదం గారు సన్మానం టోపీ పెట్టుకున్నారు. బూట్లు కరుణమ్మ గారు ఇవ్వలేదు. నేను ఒక పొట్లం హల్వా కొన్నాను. ఇద్దరం పామర్రు దాకా తిన్నాం. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక బస్సు చాలాసేపు నత్తలా నడిచింది. అక్కడ అధ్యక్షుల ఫోన్ వచ్చింది.

“గెస్టు బయల్దేరారా? దేవుడు చల్లగా చూశాడు. రేపు టైము తక్కువ, మంత్రిగారి మనిషి కూడా మాట్లాడతానన్నాడు. పాట ముక్క ఒక్కటే వేద్దాం. ఆయన చచ్చిపోగానే కట్ చేసి శాలువా.”

ఫోన్ గట్టిగా వినిపిస్తోంది. ఏసుపాదం గారు నా మోచెయ్యి తట్టారు. “కట్ చెయ్యొద్దనండి. గుర్రం దాకా ఉంచమనండి.”

నేను చెప్పాను. “గుర్రం కూడా గెస్టేనా?” అని అడిగి అధ్యక్షులు ఒప్పుకున్నారు.

కంకిపాడు దాటాక ఉండబట్టలేక అడిగాను. “అయితే మీకు తెలుసా అండీ?”

“ఏది, గుర్రం సంగతా? నాగమణి మొహం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను కదండీ మాస్టారూ. నన్ను చూసే మొహమా అది? మావ గుర్రం, మావ గుర్రం అని చెవులు పగిలేలా అరిచింది. నాకు మోకాళ్ళే పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి.”

“మరి లేచారేంటండీ?”

ఆయన నవ్వారు. “నాటకాల్లో మాత్రం అన్నీ నాకే వచ్చాయంటారా? సగం హార్మోనియం వాడికి. కొన్ని కొత్త తెరకి. ఒకసారి పామర్రులో స్టేజీ మీదికి కుక్క వస్తే దానికి వన్స్‌మోర్ కొట్టారు. దేనికి కొట్టారని అడిగితే నాటకం నడుస్తుందా? వాళ్ళు ఎవరికి కొట్టినా లేవాల్సింది చచ్చినవాడే. మొదటాట రోజు నాకా తెలివి లేకపోయింది. గుర్రం దాకా కూర్చోకుండా అలిగి ఇంటికొచ్చేశాను.”

బందరు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పదగినవి చెప్పేశాను. రైల్లో వెళ్ళండి, బస్సులో రండి. అక్కడివాళ్ళ దగ్గర రహస్యం దాచామనుకుని తిరిగిరాకండి. వాళ్ళు అప్పటికే విని, మనకి కష్టం కలగకూడదని ఊరుకుని ఉంటారు.

బెంజ్ సర్కిల్‌లో బస్సు ఆగింది. ఫ్లైఓవర్ పక్కన మా ఫ్లెక్సీ కనిపిస్తోంది. ఫోటో దొరక్కపోవడంతో ఏసుపాదం గారి పేరు కింద అధ్యక్షుల ఫోటోనే వేశారు. ఆయన దాన్ని చూసి తలపంకించి, సీట్లోంచి లేవబోయారు. మోకాళ్ళు పట్టేశాయి. “గోడౌన్లో రెండోసారి చావకుండా ఉండాల్సింది” అన్నారు. నేనొక చెయ్యి, కండక్టరు ఒక చెయ్యి పట్టుకున్నాం. బస్సు కదలక వెనకాల హారన్లు మొదలయ్యాయి. ఆయన ఆ హారన్లని ఒక్క క్షణం విని, టోపీ తీసి వాటివైపు వంగి దణ్ణం పెట్టి, మెల్లగా మెట్లు దిగారు.